మూర్తిమత్వ శాస్త్రానికి క్రొత్త దారి చూపిన డాక్టర్ కరెన్ హార్నీ

మనిషి స్వభావం పుట్టుకతో వస్తుందా, పెంపకంతో వస్తుందా అన్న ప్రశ్న ఈనాటిది కాదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని మన పెద్దలే అన్నారు. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని కూడా వారే అన్నారు. ఈ రెండు సామెతల మధ్య ఎంత దూరం ఉన్నదో, గత శతాబ్దంలో మనస్తత్వ శాస్త్రజ్ఞుల మధ్య సాగిన వాదోపవాదాలలో కూడా దాదాపు అంత దూరమూ కనిపిస్తుంది. దేశం విడిచి వచ్చిన మనకు ఇది కేవలం పండిత చర్చ కాదు. మన స్వభావాన్ని మూటగట్టుకొని ఇక్కడికి తెచ్చుకున్నామా, లేక ఈ నేల మనల్ని క్రొత్తగా మలుస్తున్నదా? ఇక్కడ పుట్టి పెరుగుతున్న మన పిల్లలకు ఎవరి పోలిక వస్తుంది? ఈ ప్రశ్నలకు పుస్తకాలలోనే గాక తన జీవితంలో కూడా సమాధానం వెదకిన ఒక వైద్యురాలిని ఈ సంచిక ద్వారా పాఠకులకు పరిచయం చేయాలని సంకల్పించాం. ఆమె పేరు కరెన్ హార్నీ. ఆమె కూడా మనవలెనే సముద్రం దాటి అమెరికా చేరి, పరాయి భాషలో పని చేసి, ఇక్కడి పౌరురాలై ఇక్కడే కన్నుమూసింది.

ఆమె చెప్పినది అర్థం కావాలంటే ఆమెకు ముందున్న సిద్ధాంతాలను గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. మూర్తిమత్వమంటే ఒక మనిషి ఆలోచన, అనుభూతి, నడవడి కలిసి ఏర్పడే మొత్తం స్వరూపం. దీనిని శాస్త్రంగా విచారించిన మొదటి తరంలో అగ్రగణ్యుడు వియన్నాకు చెందిన సిగ్మండ్ ఫ్రాయిడ్. మనిషి చేసే పనులకు కారణాలు చాలావరకు అతనికే తెలియని మనసు పొరల్లో ఉంటాయని ఆయన ప్రతిపాదించాడు. కోరికల పుట్ట అయిన ఇడ్, లోకంతో సర్దుకుపోయే ఇగో, తప్పొప్పులు ఎంచే సూపర్ ఇగో అని మనసును మూడు భాగాలుగా 1923లో వివరించాడు. పుట్టుకతో వచ్చిన ప్రవృత్తులూ, మొదటి ఐదారేళ్ళ బాల్యమూ మనిషి తలరాతను చాలావరకు వ్రాసేస్తాయని ఆయన నమ్మకం. ఆయన వద్ద నుంచి 1911లో విడిపోయిన ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్ ఆత్మన్యూనతా భావానికీ, దానిని జయించాలనే తపనకూ ప్రాముఖ్యమిచ్చాడు. 1913లో విడిపోయిన కార్ల్ యూంగ్ మనుష్యులను అంతర్ముఖులు, బహిర్ముఖులు అని విభజించి 1921లో ప్రసిద్ధ గ్రంథం వ్రాశాడు. ఈ ముగ్గురి పేర్లు విననివారు అరుదు. వీరి తరువాతి తరంలో వచ్చి, ఫ్రాయిడ్ విద్యనే అభ్యసించి, ఆ విద్యలోని లోపాలను ధైర్యంగా ఎత్తి చూపినవారిలో హార్నీది ముఖ్యస్థానం.

బాల్యం, విద్యాభ్యాసం

కరెన్ 1885 సెప్టెంబరు 16న జర్మనీలో హాంబర్గు నగరం చెంత, ఎల్బే నది ఒడ్డున ఉన్న బ్లాంకెనెసె అనే ఊళ్ళో జన్మించింది. తండ్రి డానియెల్‌సన్ నార్వే దేశస్థుడు, ఓడ కెప్టెన్. దైవభక్తి మెండు, కోపం అంతకంటె మెండు. నెలల తరబడి సముద్రం మీద ఉండి ఇంటికి వచ్చినప్పుడు పిల్లలు గడగడ వణికేవారట. తల్లి క్లోటిల్డే భర్తకంటె వయసులో చాలా చిన్నది, చదువు సంస్కారం గల మనిషి. ఆ దంపతులకు ఎన్నడూ పొసగలేదు. తండ్రికి కొడుకు మీద మక్కువ అనీ, తాను ఎవరికీ అక్కరలేని పిల్లననీ కరెన్ చిన్ననాడే అనుకొన్నది. ఈ భావన నిజమో కాదో గాని, దాని ముద్ర మాత్రం ఆమె మీద చివరిదాకా ఉన్నది. పసిబిడ్డకు లోకం భయం గొలిపేదిగా తోచడం ఎలా మొదలవుతుందో వివరిస్తూ తరువాత ఆమె వ్రాసిన పేజీలు చదివేవారికి ఈ ఇల్లు గుర్తుకు రాక మానదు.

పదమూడేళ్ళ వయసులో ఆమె దినచర్య వ్రాయడం ప్రారంభించింది. డాక్టరు కావాలని నిశ్చయించుకొన్నది కూడా ఆ ప్రాంతాలలోనే. ఆ రోజుల్లో జర్మనీలో ఆడపిల్లలకు విశ్వవిద్యాలయాల తలుపులు మూసే ఉండేవి. 1900లో బాడెన్ రాష్ట్రం మొట్టమొదట ఆ తలుపులు తెరచింది. మరుసటి సంవత్సరం హాంబర్గులో ఆడపిల్లలను విశ్వవిద్యాలయ ప్రవేశానికి తయారుచేసే తరగతులు ఆరంభమయ్యాయి. తండ్రికి ఈ చదువు ఇష్టం లేదు. తల్లీ, అన్నా పట్టుబట్టి ఆయనను ఒప్పించారు. 1904లో తల్లి పిల్లలను తీసుకొని భర్తను విడిచి వెళ్ళింది. 1906లో కరెన్ ఫ్రైబర్గు విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యకు చేరింది. తరువాత గోటింగెన్‌లోనూ, బెర్లిన్‌లోనూ చదువు కొనసాగించి 1915లో ఎం.డి. పట్టం పుచ్చుకొన్నది.

ఆ చదువు నడుమనే సంసారం కూడా మొదలయింది. 1909లో ఆస్కార్ హార్నీని వివాహమాడింది. 1911లో తల్లి మరణించిన కొద్ది వారాలకే మొదటి కూతురు బ్రిగిట్టె పుట్టింది. తరువాత మేరియాన్, రెనాటె అనే మరి ఇద్దరు కూతుళ్ళు కలిగారు. ఒక చేత్తో పసిబిడ్డను, మరొక చేత్తో వైద్యశాస్త్ర గ్రంథాన్ని పట్టుకొన్న ఆ ఇల్లాలికి మనసులో తరచు దిగులు కమ్మేది. ఆ దిగులుకు మందు వెదుకుతూ 1910లో ఆమె బెర్లిన్‌లోని కార్ల్ అబ్రహాం వద్దకు వెళ్ళింది. ఆయన ఫ్రాయిడ్‌కు అత్యంత ఆప్తుడైన శిష్యుడు. ఈ విధంగా మొదట రోగిగా మనోవిశ్లేషణను ఎరిగి, తరువాత దానినే వృత్తిగా చేపట్టింది. 1920లో బెర్లిన్‌లో మనోవిశ్లేషణ సంస్థ ఏర్పడినప్పుడు స్థాపక సభ్యులలో ఆమె ఒకరు. అక్కడి తొలి అధ్యాపకులలో కూడా ఆమె ఒకరు.

గురువులతో విభేదం

ఫ్రాయిడ్ సిద్ధాంతంలో స్త్రీల గురించిన భాగం హార్నీకి మింగుడు పడలేదు. మగవానిగా పుట్టలేదన్న అసూయే స్త్రీ స్వభావానికి మూలమనీ, అదే ఆమె మూర్తిమత్వాన్ని జీవితాంతం నడిపిస్తుందనీ ఆయన అభిప్రాయం. 1922లో బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ మనోవిశ్లేషణ మహాసభలో, ఫ్రాయిడ్ సమక్షంలోనే, ఆమె ఈ అభిప్రాయాన్ని ప్రశ్నిస్తూ పత్రం చదివింది. గురుపీఠం ఎదుట శిష్యవర్గంలోని ఒక యువతి నిలబడి వినయంగానే అయినా కాదనడం ఆ రోజుల్లో సామాన్య విషయం కాదు. 1926లో మరొక పత్రంలో ఆమె ఇంకొంచెం ముందుకు వెళ్ళింది. ఇంతవరకూ స్త్రీ మనసును గురించి వ్రాసినవారు మగవారే కాబట్టి అందులో మగవారి దృష్టే కనిపిస్తున్నదన్నది. స్త్రీ అసూయపడేది పురుషుని దేహం చూసి కాదు, సమాజంలో పురుషునికి దక్కిన అవకాశాలు చూసి. తల్లి కాగల శక్తి తమకు లేదన్న అసూయ పురుషులలో కూడా ఉండవచ్చు. ఈ వాదనలు ఇప్పుడు మనకు సహజంగానే తోచవచ్చు గాని, వంద సంవత్సరాల క్రితం అవి సాహసాలు. ఈ వ్యాసాలన్నీ ఆమె మరణానంతరం 1967లో ఒక సంపుటంగా వెలువడ్డాయి.

ఈలోగా సంసారం దెబ్బ తిన్నది. 1923లో జర్మనీని ముంచెత్తిన ద్రవ్యోల్బణంలో భర్త ఉద్యోగం, ఆస్తి హరించుకుపోయాయి. ఆయన జబ్బు పడి లేచి పూర్తిగా మారిన మనిషయ్యాడు. అదే సంవత్సరం ఆమె ప్రాణసమానంగా ప్రేమించిన అన్న ఊపిరితిత్తుల వ్యాధితో మరణించాడు. ఆ దుఃఖంలో ఒకనాడు ఆమె సముద్రంలో దూరంగా ఈదుకుంటూ వెళ్ళి, ఒక స్తంభాన్ని పట్టుకొని, బ్రతకడమా మానడమా అని చాలాసేపు తర్కించుకొన్నదని ఆమె జీవితచరిత్రకారులు వ్రాశారు. ఎట్టకేలకు ఒడ్డుకు చేరింది. 1926లో ముగ్గురు కూతుళ్ళతో వేరే ఇంటికి మారింది. మనసు నిపుణురాలైనంత మాత్రాన మనసు బాధలు తప్పవని చెప్పడానికే ఈ సంగతి ప్రస్తావించాం.

సముద్రం దాటి

1932లో షికాగో నగరంలో క్రొత్తగా ప్రారంభమైన మనోవిశ్లేషణ సంస్థకు డైరెక్టరు అయిన ఫ్రాంజ్ అలెగ్జాండర్ ఆమెను సహాయ డైరెక్టరుగా ఆహ్వానించాడు. అప్పటికి ఆమెకు 47 ఏళ్ళు. పేరు, వృత్తి, మిత్రబృందం అన్నీ బెర్లిన్‌లోనే ఉన్నాయి. అయినా చిన్న కూతురును వెంటబెట్టుకొని బయలుదేరింది. నాలుగు నెలలు తిరిగేసరికి, 1933 జనవరిలో, జర్మనీలో హిట్లర్ అధికారానికి వచ్చాడు. ఆమె సహాధ్యాయులు ఎందరో యూదులు కావడం వల్ల దిక్కుకొకరుగా చెల్లాచెదరైపోయారు. 1934లో ఆమె షికాగో వదలి న్యూయార్కు చేరి, ఇటు అక్కడి మనోవిశ్లేషణ సంస్థలోనూ, అటు యూరపు నుంచి వచ్చిన మేధావులకు ఆశ్రయమిచ్చిన న్యూ స్కూల్‌లోనూ పాఠాలు చెప్పింది. 1938లో అమెరికా పౌరసత్వం స్వీకరించింది.

ఆమె జీవితంలో అసలు మలుపు ఇక్కడే ఉందని మా అభిప్రాయం. బెర్లిన్‌లో పదిహేనేళ్ళపాటు రోగులను చూసి ఆమె కొన్ని నిర్ణయాలకు వచ్చింది. అమెరికాలో రోగులను చూడగా వారి బాధలు వేరుగా ఉన్నాయి. అవి తీవ్రమైన ఆర్థిక మాంద్యం రోజులు. ఇక్కడివారి మనసులను తొలుస్తున్నవి కామవాంఛలు కావు. ఉద్యోగం పోతుందేమో, ప్రక్కవాడు తనను మించిపోతాడేమో, నలుగురిలో తాను చులకన అవుతానేమో, తనను ప్రేమించేవారే లేరేమో అన్న భయాలు. మానవ ప్రవృత్తులు పుట్టుకతోనే నిర్ణయమై అందరికీ ఒకటే అయితే, సముద్రం దాటగానే మనోవ్యాధుల రూపం మారిపోవడమేమిటి? ఈ భేదానికి సమాజాల మధ్య ఉన్న తేడాయే కారణమని ఆమె నిర్ధారణకు వచ్చింది. ఎరిక్ ఫ్రామ్, హారీ సల్లివన్ వంటి విశ్లేషకులతోనూ, మార్గరెట్ మీడ్, రూత్ బెనెడిక్ట్ వంటి మానవ శాస్త్రజ్ఞులతోనూ కలిగిన పరిచయం ఈ ఆలోచనకు బలం చేకూర్చింది. ఒక జాతిలో సహజమనిపించే నడవడి మరొక జాతిలో వింత అనిపిస్తుందని ఆ మానవ శాస్త్రజ్ఞులు దూరతీరాలకు పోయి చూసి వచ్చారు. హార్నీ వలస వచ్చిన దేశంలో తన గదిలోనే కూర్చుండి రోజూ దానిని గమనించింది.

1937లో వెలువడిన మన కాలపు న్యూరోటిక్ మూర్తిమత్వం అనే అర్థం గల గ్రంథంతో ఆమె పేరు సామాన్య పాఠకులకు కూడా పరిచయమయింది. న్యూరోసిస్ అంటే పిచ్చి కాదు. లోలోపల భయమూ ఘర్షణా పెరిగి, మనిషి నడవడి పట్టువిడుపులు లేకుండా బిగుసుకుపోయే స్థితి. ఈ స్థితిని సమాజమే తయారు చేస్తున్నదని ఆమె వాదించింది. తోటివానిని ఓడించి పైకి రమ్మని ఒక ప్రక్క నూరిపోస్తారు, తోటివానిని సోదరునిగా ప్రేమించమని మరొక ప్రక్క బోధిస్తారు. ఇది కొను, అది కొను అని ఆశ పెడతారు, కొనే శక్తి మాత్రం అందరికీ ఇవ్వరు. నీ భవిష్యత్తు నీ చేతుల్లోనే ఉన్నదంటారు, అడుగడుగునా చేతులు కట్టివేస్తారు. ఈ పరస్పర వైరుధ్యాలను అందరూ మోస్తారు; బాల్యంలో ఎక్కువ దెబ్బ తిన్నవారు మోయలేక కూలిపోతారు. ఈ పుస్తకాన్ని ఆమె తన మాతృభాషలో కాక, నడివయసులో అలవరచుకొన్న ఇంగ్లీషులో, సామాన్యులకు సైతం బోధపడేటట్లు వ్రాసింది.

మూడు దారులు, ఒక బొమ్మ

ఆమె సిద్ధాంతాన్ని మాకు చేతనైనంత సులభంగా చెబుతాం. బిడ్డకు కావలసింది భద్రత. తల్లిదండ్రులు ఆదరణ లేకుండా, లేదా అతిగారాబంతో, లేదా అయినదానికీ కానిదానికీ పోలికలు తెచ్చి కించపరుస్తూ పెంచితే, బిడ్డకు తాను ఒంటరిననీ, నిస్సహాయుడననీ, లోకం తనకు శత్రువనీ అనిపిస్తుంది. దీనిని ఆమె మూలభూతమైన ఆందోళన అన్నది. తల్లిదండ్రుల మీద కలిగిన కోపాన్ని పైకి చూపలేడు, చూపితే ఉన్న ఆధారం కూడా పోతుంది. ఆ కోపం అణగి ఆందోళనను మరింత పెంచుతుంది. దానినుంచి తప్పించుకోవడానికి బిడ్డ మూడు దారులు వెదుకుతాడు. ఒకటి, మనుషుల వైపు నడవడం: అందరినీ మెప్పించి, ఒదిగి ఉండి, ప్రేమ సంపాదించడం. రెండు, మనుషులకు ఎదురు నడవడం: అధికారమో గెలుపో చేజిక్కించుకొని ఎవరూ తనను నొప్పించకుండా చూసుకోవడం. మూడు, మనుషులకు దూరంగా నడవడం: ఎవరి అవసరమూ లేదని ముడుచుకుపోవడం. 1945లో వెలువడిన గ్రంథంలో ఈ మూడింటినీ విపులంగా చర్చించింది.

ఈ ముగ్గురూ మనకు తెలిసినవారే. ఎవరేమడిగినా కాదనలేక, నాలుగు కమిటీల పని నెత్తిన వేసుకొని, రాత్రి ఇంటికి వెళ్ళి నిట్టూర్చే మిత్రుడు మొదటివాడు. ఏ సంఘంలో చేరినా అధ్యక్షుడు కాకపోతే నిద్రపట్టని పెద్దమనిషి రెండవవాడు. పండుగకు పిలిస్తే పని ఉన్నదని చెప్పి, ఫోను మ్రోగినా ఎత్తని ఆయన మూడవవాడు. నవ్వుకోవడానికి చెప్పిన మాట కాదిది. ఆరోగ్యవంతుడైన మనిషి సమయానుకూలంగా ఈ మూడు దారుల్లోనూ నడవగలడని హార్నీ చెప్పింది. అవసరమైన చోట ఒదుగుతాడు, అవసరమైన చోట ఎదిరిస్తాడు, అవసరమైన చోట తప్పుకుంటాడు. ఒక్క దారి తప్ప మరొకటి తెలియనివాడే బాధపడతాడు.

దీనికి పైన ఆమె చెప్పినది ఇంకా లోతైన సంగతి. తనమీద తనకు నమ్మకం లేనివాడు తన మనసులో ఒక గొప్ప బొమ్మను తయారుచేసుకొంటాడు. తాను అలాంటివాడినని నమ్ముతాడు, కాకపోతే అలాంటివాడిని కావలసిందేనని తనను తాను హింసించుకొంటాడు. ఎప్పుడూ మొదటి స్థానంలో ఉండాలి, ఎన్నడూ అలసిపోకూడదు, ఎవరినీ నొప్పించకూడదు, తప్పు చేయకూడదు అని రోజంతా లోపలినుంచి ఆజ్ఞలు వస్తూ ఉంటాయి. ఈ ఆజ్ఞల పెత్తనాన్ని ఆమె నిరంకుశత్వంగా వర్ణించింది. బొమ్మను పూజించేకొద్దీ అసలు మనిషి చిక్కిపోతాడు. 1950లో వచ్చిన ఆమె చివరి గ్రంథంలో ఈ వివరణ పరిపూర్ణత పొందింది. అందులోనే ఆమె ఓక్ గింజను ఉపమానంగా తీసుకొన్నది. గింజకు చెట్టు కావడం ఎవరూ నేర్పనక్కరలేదు, నేర్పలేరు కూడా. తగిన పరిస్థితులు అమిరితే తన రూపాన్ని తానే పొందుతుంది. మనిషిలో కూడా అటువంటి నిజమైన స్వరూపం ఒకటి ఉన్నదనీ, అడ్డంకులు తొలగిస్తే ఏ వయసులోనైనా అది ఎదుగుతుందనీ ఆమె విశ్వాసం. బాల్యంతో అంతా ముగిసిపోతుందన్న వాదానికి ఇది సమాధానం.

మన సాహిత్యంలో కూడా ఇటువంటి మనిషి ఉన్నాడు. దాదాపు ఆ కాలంలోనే, 1940లలో, త్రిపురనేని గోపీచంద్ వ్రాసిన అసమర్థుని జీవయాత్ర నవలలోని సీతారామారావు వంశప్రతిష్ఠ అనే బొమ్మను మోస్తూ ఆస్తినీ, అయినవారినీ, ఆఖరుకు తననూ పోగొట్టుకొన్నాడు. ఈ ఇద్దరు రచయితలకూ ఒకరితో ఒకరికి సంబంధం ఉన్నదని చెప్పడం మా ఉద్దేశం కాదు. న్యూయార్కు డాక్టరు రోగులలో చూసినదీ, తెలుగు నవలాకారుడు పల్లెటూరి కమతగాళ్ళలో చూసినదీ ఒకే మనిషినని మాత్రం మాకు తోచింది.

ఓటమి, స్వతంత్రం

1939లో హార్నీ ఫ్రాయిడ్ సిద్ధాంతాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, ఏది నిలుస్తుందో ఏది నిలవదో చెబుతూ ఒక గ్రంథం ప్రకటించింది. అచేతన మనసు, పీడకమైన కోరికలను మనసు అణచివేయడం, ప్రతి నడవడికీ కారణముండడం వంటి ఫ్రాయిడ్ మూలసూత్రాలను ఆమె గౌరవంగానే నిలుపుకొన్నది. ప్రవృత్తులే సర్వస్వమన్న భాగాన్ని మాత్రం త్రోసిపుచ్చింది. ఫ్రాయిడ్ అదే సంవత్సరం సెప్టెంబరులో లండన్‌లో ప్రవాసిగా మరణించాడు. న్యూయార్కు మనోవిశ్లేషకుల సంఘంలోని పెద్దలకు ఈ పుస్తకం ఆగ్రహం తెప్పించింది. విద్యార్థులకు ఆమె తప్పుదారి చూపుతున్నదన్నారు. 1941 ఏప్రిల్ 29న జరిగిన సమావేశంలో, శిక్షణ ఇచ్చే అర్హతను ఆమె నుంచి తొలగించే తీర్మానానికి అనుకూలంగా 24 మంది, ప్రతికూలంగా 7గురు ఓటు వేశారు. చాలామంది ఎటూ ఓటు వేయకుండా ఊరుకున్నారు. ఆమె మారు మాట్లాడకుండా లేచి, తల ఎత్తుకొని బయటికి నడిచింది. నలుగురు సహచరులు ఆమెతో బాటు సంఘానికి రాజీనామా చేశారు. నల్లజాతి బానిసల విమోచన గీతం ఒకటి పాడుకుంటూ వారు వీధి వెంట నడిచారని ప్రతీతి. ఆ సంవత్సరమే వారు తమ సొంత సంఘాన్నీ, విద్యాసంస్థనూ స్థాపించారు. కొద్దికాలానికి ఆమె సంపాదకత్వాన ఒక శాస్త్ర పత్రిక కూడా వెలువడింది.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే ఆమెను దేవతగా నిలబెట్టినట్లవుతుంది. ఆమె చెప్పిన బొమ్మల పూజ ఆమె విషయంలోనే చేసినట్లవుతుంది. కాబట్టి తరువాతి సంగతి కూడా చెప్పాలి. రెండేళ్ళు తిరగకుండానే, 1943లో, ఆమె స్థాపించిన సంస్థలోనే చీలిక వచ్చింది. ఎన్నో ఏళ్ళ ఆప్తమిత్రుడైన ఎరిక్ ఫ్రామ్‌కు వైద్య పట్టం లేదన్న కారణం మీద శిక్షణ ఇచ్చే హక్కును ఆ సంస్థ నిరాకరించింది. తనకు జరిగిన అన్యాయమే మరొక రూపంలో తన మిత్రునికి జరుగుతుంటే హార్నీ అడ్డు నిలవలేదు. ఫ్రామ్ వెళ్ళిపోయాడు. 1941లో ఆమెతో బాటు నడిచి వచ్చిన క్లారా థామ్సన్ కూడా, హారీ సల్లివన్ కూడా అతనితో వెళ్ళిపోయారు. తల్లిగా కూడా ఆమె పిల్లలకు స్వేచ్ఛ ఇచ్చింది గాని, సాన్నిహిత్యం అంతగా ఇవ్వలేదు. పెద్దకూతురు బ్రిగిట్టె జర్మనీలో పేరుపొందిన సినిమా నటి అయింది, మేరియాన్ తల్లివలెనే మనోవైద్యురాలు అయింది. ఆదరణ లేని ఇంట్లో పెరిగిన మనిషి, ఆ వెలితిని జీవితమంతా అధ్యయనం చేసిన మనిషి, తానే దానినుంచి పూర్తిగా బయటపడలేకపోయింది. ఇందువల్ల ఆమె సిద్ధాంతం అబద్ధం కాదు. ఎదుగుదల ఎంత కష్టమైన పనో అది మరింత బాగా చెబుతుంది. 1942లో ఆమె వ్రాసిన ఆత్మవిశ్లేషణ అనే గ్రంథంలో, మనిషి తనను తాను ఓపికగా పరిశీలించుకొనే పని ఏనాటికీ పూర్తి కాదనే భావమే కనిపిస్తుంది.

చివరి రోజులు, ఆమె విడిచి వెళ్ళినది

జీవితపు చివరి ఏళ్ళలో ఆమె దృష్టి తూర్పు దేశాల వైపు మళ్ళింది. జెన్ బౌద్ధ పండితుడు డి.టి. సుజుకీతో స్నేహం కలిగింది. 1952లో ఆయనతో జపాను వెళ్ళి అక్కడి బౌద్ధ మఠాలు దర్శించింది. తిరిగి వచ్చిన కొద్ది మాసాలకే, 1952 డిసెంబరు 4న, క్యాన్సరు వ్యాధితో న్యూయార్కులో పరమపదించింది. అప్పుడామె వయస్సు 67 సంవత్సరాలు. 1955లో ఆమె పేరిట న్యూయార్కులో తక్కువ రుసుముతో చికిత్స చేసే మనోవైద్యశాల వెలసింది. చిన్ననాటి దినచర్యలు 1980లో అచ్చయ్యాయి.

ఆమె పద్ధతిలో లోపాలు లేకపోలేదు. ఆమె ఆధారపడినది తన వద్దకు వచ్చిన రోగుల మీద. వారిలో చాలామంది డబ్బిచ్చి చికిత్స చేయించుకోగల నగరవాసులు. లెక్కలు, కొలతలు, ప్రయోగాలు ఆమె గ్రంథాలలో కనిపించవు. నేటి విశ్వవిద్యాలయాలలో మూర్తిమత్వాన్ని కొలవడానికి ఐదు ప్రధాన గుణాల సిద్ధాంతం ఎక్కువ వాడుకలో ఉన్నది. పుట్టుకతో వచ్చే జన్యువుల పాత్ర కూడా తక్కువేమీ కాదని కవల పిల్లల మీద జరిగిన పరిశోధనలు తేల్చాయి. అయినా ఆమె నాటిన ఆలోచనలు ఇతరుల తోటలలో పెరిగాయి. తన శక్తులను తాను సాకారం చేసుకోవడమే మనిషి పరమావధి అని చెప్పిన అబ్రహాం మాస్లో న్యూయార్కులో ఆమెను ఎరిగినవాడు. మనకు మనమే వేసుకొనే ఆజ్ఞలు మన దుఃఖానికి కారణమన్న ఆల్బర్ట్ ఎల్లిస్ చికిత్సా విధానం మీద కూడా ఆమె ప్రభావమున్నది. స్త్రీ మనస్తత్వాన్ని గురించి ఈనాడు ఎవరు చర్చించినా ఆమె 1920లలో వేసిన ప్రశ్నలను దాటిపోలేరు.

ఇక మన మాట. ఇంటి పెద్దలుగా మనం పిల్లల కోసమే ఇంత దూరం వచ్చామని అంటూ ఉంటాం. అది నిజమే. కాని ఆ మాట పిల్లవాని చెవిలో ఎలా పడుతున్నదో ఆలోచించడం మంచిది. డాక్టరు కావలసిందే, ఇంజనీరు కావలసిందే, ఫలానా వారబ్బాయికంటె ఎక్కువ మార్కులు రావలసిందే, ఇంట్లో తెలుగు బిడ్డగాను బడిలో ఈ దేశపు బిడ్డగాను ఏ లోటూ లేకుండా కనిపించవలసిందే అని మనం నోటితో చెప్పకపోయినా, మన ముఖాలు చూసి వాళ్ళు గ్రహిస్తారు. మనం పోగొట్టుకొన్న వాటికన్నిటికీ బదులుగా వారిచేత ఒక బొమ్మను మోయిస్తున్నామేమో. రెండు దేశాల కోరికలూ ఒక పసి మనసు మీద ఒకేసారి పడితే ఏమవుతుందో హార్నీ 1937లోనే హెచ్చరించినట్లు తోస్తుంది. మనలో కూడా ఎందరో అక్కడి ఊళ్ళో నలుగురూ అనుకొనే గొప్పవాడి బొమ్మను నిలబెట్టడం కోసం ఇక్కడ నిద్ర మానుకొని బ్రతుకుతున్నారు. మనసు బాగులేదని డాక్టరు వద్దకు వెళ్ళడం నేటికీ మనవాళ్ళలో నామోషీగానే ఉన్నది. ఆ విద్యలో పండితురాలైన మనిషి కూడా ఒకనాడు రోగిగా మరొకరి గుమ్మం ఎక్కిందన్న సంగతి గుర్తుంచుకొంటే ఆ నామోషీ కొంత తగ్గవచ్చు.

గింజ అక్కడిది, నేల ఇక్కడిది. రెంటిలో దేనినీ కాదనకుండా, పిల్లలు తమ రూపాన్ని తాము పొందే వీలు కల్పించడమే పెద్దలు చేయగల పని. పండుగకు పదిమందిమీ కలుసుకొన్న ఈ సమయంలో, బిడ్డ ఎన్ని మార్కులు తెచ్చాడని కాక, వాడు దేనికి సంతోషిస్తున్నాడని ఒకరినొకరం అడిగి తెలుసుకొంటే కరెన్ హార్నీ జీవితాన్ని చదివిన ఫలితం మనకు దక్కినట్లేనని మా నమ్మకం.